కాదనే హక్కు ఇద్దరిదీ

ఫిబ్రవరి వస్తే మా హోసూరు చుట్టుపక్కల పాలీహౌస్‌లలో ఎవరికీ తీరిక ఉండదు. ప్రేమికుల రోజు కోసం ‘తాజ్‌మహల్’ రకం ఎర్ర గులాబీలను కోసి, కట్టలు కట్టి, ఎగుమతికి పంపుతారు. జూజువాడి దగ్గర తమిళనాడు సరిహద్దు దాటి బెంగళూరు వైపు పోయే ఆ బండ్లను చూస్తే నాకు ఒక వీడియో గేమ్ గుర్తొస్తుంది. 2009లో బయోవేర్ సంస్థ తెచ్చిన ‘డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్’ అది. అందులో అలిస్టర్ అనే యోధుడు, రాక్షస మూకల చేతిలో నాశనం కాబోతున్న ఊళ్లో పూసిన గులాబీని కోసి దాచుకుంటాడు. మనం నడిపే నాయిక మీద మనసు పడితే, ఒక రాత్రి విడిదిలో దాన్ని తీసి ఇస్తాడు. మనం అతన్ని కాదనుకున్నా కథ ఆగదు.

ఒక పాత్రను మనమే నడిపే ఫాంటసీ ఆర్‌పీజీ గేముల్లో ఇలాంటి ప్రేమకథలు ఉండాలా వద్దా అన్న వాదన కొత్తది కాదు. 2000లో ‘బాల్డర్స్ గేట్ 2’లో వైకోనియా, ఏరీ, జహీరా లాంటి తోటి పాత్రలతో ప్రేమకు దారి తెరిచినప్పటి నుంచీ నడుస్తూనే ఉంది. ఏళ్లుగా ఈ గేములు ఆడుతున్న మనిషిగా నేను ఉండాలనే అంటాను. అయితే ఆ ఇష్టాయిష్టాలు ఆడేవాళ్ల చేతిలోనే ఉంటే చాలదు. ఎదుటి పాత్రకూ కాదనే హక్కు ఉండాలి. కుదిరిన ప్రేమ కథలో ముందుముందు లెక్కకు రావాలి.

ఈ రెండూ లేనప్పుడు ఏమవుతుందో 2011 నాటి ‘స్కైరిమ్’లో చూడొచ్చు. ఒకరికి చిన్న సాయం చేసి, మెడలో మారా దేవత తాయెత్తు వేసుకుని వెళ్తే చాలు, పెళ్లికి ఒప్పుకుంటారు. తర్వాత ఇంట్లో వండి పెడతారు, దుకాణం నడిపి డబ్బు చేతికిస్తారు. ఆ మనిషికి మన మీద కోపం, బెంగ, సొంత ఆశ ఏవీ కనిపించవు. నేను మెచ్చుకున్న డ్రాగన్ ఏజ్‌లోనూ కానుకలు ఇచ్చేకొద్దీ అభిమానం అంకె పెరుగుతుంది. అక్కడ ప్రేమ కొట్లో సరుకైపోతుంది.

ఇందుకు భిన్నమైన ప్రేమలు చూడాలంటే మన భారతంలో అర్జునుడి తీర్థయాత్ర ఉంది. ద్రౌపది విషయంలో అన్నదమ్ములు పెట్టుకున్న నియమం తప్పినందుకు రాజ్యం వదిలి వెళ్లిన ఆ యాత్రలో ఉలూచి, చిత్రాంగద, సుభద్ర ఒకరి తర్వాత ఒకరు అతని జీవితంలోకి వస్తారు. కౌరవ పాండవుల ప్రధాన కథకు ఇది పక్కదారి. ఆ పక్కదారినే పట్టుకుని, 17వ శతాబ్ది తొలినాళ్లలో, తంజావూరు రఘునాథ నాయకుని కొలువులో చేమకూర వేంకటకవి ‘విజయవిలాసం’ అనే కావ్యమే రాశాడు. తమిళ నేల మీద పుట్టిన ఈ తెలుగు కావ్యాన్ని సరిహద్దు తెలుగువాడిగా నేను మరింత మక్కువతో చదువుకుంటాను.

ఆ ముగ్గురి కథలనూ గేమ్ రాసేవాళ్లు శ్రద్ధగా చూడాలి. ఉలూచి అర్జునుడు అడిగేదాకా ఆగలేదు. తానే నాగలోకానికి తీసుకుపోయి మనసు చెప్పింది. వ్రతమని అతను వెనకాడితే వాదించి గెలిచింది. చిత్రాంగద తండ్రి షరతు పెట్టాడు: పుట్టే కొడుకు తన వంశానికే చెందాలి. ఒప్పుకుంటేనే పెళ్లి. సుభద్ర విషయంలో కృష్ణుడు అటు, బలరాముడు ఇటు అయ్యారు. ఎవరూ తాయెత్తు చూసి తలూపలేదు.

ఆ ప్రేమలు అక్కడితో ముగిసిపోనూ లేదు. చిత్రాంగద కొడుకు బభ్రువాహనుడు అశ్వమేధ సమయంలో తండ్రినే నేలకూల్చాడు. ఉలూచి నాగమణితో బతికించింది. సుభద్ర కొడుకు అభిమన్యుడి బిడ్డ పరీక్షిత్తుతోనే వంశం నిలిచింది. ఉలూచి కొడుకు ఇరావంతుడు యుద్ధంలో చనిపోయాడు. తమిళనాట అతన్నే అరవాన్ అని కొలుస్తారు. కళ్లకురిచ్చి జిల్లా కూవాగంలో ఏటా ట్రాన్స్‌జెండర్ మహిళలు అతన్ని పెళ్లాడి, మర్నాడు విధవలై ఏడుస్తారు. యాత్రలో కలిసిన ఒక ప్రేమ ఇంతదూరం వచ్చింది.

మంచి గేములకు ఈ సంగతి తెలుసు. అలిస్టర్‌ను రాజును చేస్తే ఆ సింహాసనమే ప్రేమకు అడ్డం రావచ్చు. అందులోనే ఉన్న మోరిగన్ అనే మంత్రగత్తెకు పుట్టే బిడ్డ 2014 నాటి తర్వాతి గేములో ఎదురుపడగలడు. ఆ తర్వాతి గేములో కసాండ్రా అనే యోధురాలు గానీ, డోరియన్ అనే మాంత్రికుడు గానీ స్త్రీలను ప్రేమించే దారి ఉండదు. అది వాళ్ల స్వభావం. 2015లో వచ్చిన ‘విచర్ 3’లో ఇద్దరు స్త్రీలకూ ప్రేమిస్తున్నానని చెబితే ఇద్దరూ కలిసి హీరోను మంచానికి కట్టేసి వెళ్లిపోతారు. వాళ్లు మనుషులని అప్పుడు నమ్ముతాం.

ప్రేమకథలు వద్దనేవాళ్ల వాదనలోనూ బలముంది. ఒక్కో ప్రేమకు వేరే సంభాషణలు, గొంతులు, దృశ్యాలు కావాలి. చాలామంది వాటిని చూడనే చూడరు. స్నేహంగా మాట్లాడిన ప్రతి మాటా ప్రేమకు మెట్టయితే స్నేహానికి చోటుండదు. అబ్సిడియన్ సంస్థ 2015లో ‘పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీ’ని ప్రేమకథలు లేకుండానే తెచ్చింది. సగం మనసుతో రాసిన ప్రేమ కన్నా నిండుగా రాసిన స్నేహం మేలు. అందుకే వాళ్లను తప్పుపట్టను.

అయినా ఆ దారి మూసేయకూడదు. యుద్ధానికి పోయే మనిషి ఎవరికోసం తిరిగి రావాలనుకుంటాడన్నది మన పురాణాలు ఎప్పుడూ అడిగిన ప్రశ్న. హైదరాబాదులోనో బెంగళూరులోనో గేములు రాస్తున్న తెలుగు పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే. తోటి పాత్రకు ఏం కావాలో ముందు రాయండి. దేనికి కోప్పడుతుందో, దేనికి కాదని లేచిపోతుందో రాయండి. ప్రేమ సంగతి ఆ తర్వాత ఆలోచించండి.