ఖడ్గము లేని సింహాసనము

'రాజు' అను మాట చెవి సోకగానే తెలుగు పాఠకుని మనస్సున కోటయు, సేనయు, కప్పమును మెదలును. ఇగ్బో జాతివారి న్రి రాజ్యచరిత్ర ఈ ఒక్క మాటకే పరీక్ష పెట్టుచున్నది.

నేటి నైజీరియా దేశపు ఆగ్నేయభాగమున న్రి యున్నది. దాని మూలపురుషుడగు ఎరి ఆకాశము నుండి దిగివచ్చెనని ఐతిహ్యము. అచటి అధిపతిని 'ఎజె న్రి' అందురు. పట్టాభిషేకమునకు ముందు అతడు కర్మకాండలో మరణించి, మరల లేచిన వానిగా బయటికి రావలెను. అతనికి దండయాత్రలు లేవు. ముఖమున 'ఇచి' గాట్లు దాల్చిన న్రి ఆచార్యులు శాంతిదండము చేబూని ఊరూరు తిరిగి, భూదేవికి జరిగిన అపచారములకు శుద్ధి చేసెడివారు. సంవత్సరారంభమును ప్రకటించుట, పెండలపు విత్తనము పంచుట అతని అధికార చిహ్నములు.

ఇట్టి వ్యవస్థ దరిద్రమైనదని తలపరాదు. 1959-60లో థర్‌స్టన్ షా ఇగ్బో-ఉక్వు గ్రామమున జరిపిన త్రవ్వకములలో మైనపు అచ్చుతో పోసిన కంచుపాత్రలును, 1,65,000కు పైగా పూసలును, పీఠముపై కూర్చుండబెట్టి సమాధి చేయబడిన ఒక మహాపురుషుని అవశేషములును బయల్పడెను. ఇవి క్రీ.శ. తొమ్మిదవ శతాబ్దము నాటివని పలువురు విద్వాంసుల నిర్ణయము. వీనిని న్రి సంప్రదాయముతో ముడివెట్టినవారు పెక్కురు.

అయినను వలసపాలకులకు ఇగ్బో సీమ రాజులేని దేశముగనే తోచెను. ఖడ్గము కనబడనిచోట ప్రభుత్వమే లేదని భావించి, వారు తామే అధికారపత్రములిచ్చి నాయకులను సృష్టించిరి. 1911లో ఎజె న్రి ఒబాలికెను బలవంతపెట్టి, ఆయా గ్రామములపై గల ఆచారనిబంధనలను ఆయన నోటనే రద్దు చేయించిరి. లేదనుకొన్న అధికారమును రద్దు చేయింపవలసివచ్చుటయే దాని ఉనికికి సాక్ష్యము.

చినువా అచెబె 1964లో ప్రకటించిన 'ఆరో ఆఫ్ గాడ్' నవలకు ఈ చరిత్ర వెలుగునిచ్చును. ఉముఆరో కల్పితగ్రామము, నాయకుడగు ఎజెయులు ఉలు దేవత అర్చకుడే గాని ఎజె న్రి కాడు. కాని కాలగణనము అతని చేతిలోనే యున్నది. తెల్లదొర ఇవ్వజూపిన నాయకపదవిని త్రోసిపుచ్చి నిర్బంధము పాలైన అతడు, ఆ నెలలలో తినవలసిన పవిత్రపు పెండలములు మిగిలియున్నవని కోతపండుగను ప్రకటింపడు. పంట నేలలోనే చెడుచుండ జనులు క్రైస్తవాలయమును ఆశ్రయింతురు. తన అధికారము తనదా, తాను కావలివాడు మాత్రమేనా యని నవలారంభమున అతనికి కలిగిన సందేహమునకు గ్రామమే ఉత్తరమిచ్చును. నమ్మకముపై నిలిచిన అధికారమునకు నమ్మకము సడలిన వేరు రక్షణ లేదు. అచెబె ఇందు పాలకుని దోషమునే గాక అర్చకుని అహంకారమును గూడ దాచకుండుట నవలకు బలము.

ఇట్టి రచనను తెలిగించువాడు 'ఎజె' యను చోట 'రాజు' అని వ్రాసి సాగిపోయిన, ఆనాటి పాలకులు చేసిన పొరపాటునే తానును చేయును. 'పూజారి' యన్నను సగము సత్యమే. మూలపదమును నిలిపి, కథాగమనము చేతనే దాని అర్థమును పాఠకునకు అలవరచుట ఉత్తమము. పరజాతి పదమునకు తెలుగున చోటిచ్చుట తెలుగునకు లోటు కాదు. ఆ మేరకు మన భావనయే విశాలమగును.