ఇంజిన్ ఎక్కిన గడియారం

సికింద్రాబాద్ నుంచి వికారాబాద్ వెళ్లే దారిలో, గుల్లగూడ–చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య 2022 మార్చి 4న, రైళ్లు ఢీకొనకుండా ఆపే ‘కవచ్’ను పరీక్షించారు. రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఎక్కిన ఇంజిన్, ఎదురుగా అదే లైన్లో ఉన్న ఇంకో ఇంజిన్‌కు 380 మీటర్ల దూరంలో దానంతటదే ఆగింది. పేపర్లన్నీ బ్రేకును మెచ్చుకున్నాయి. నాకు ముచ్చటేసింది లోపలి గడియారాన్ని చూసి.

కవచ్‌లో ఇంజిన్లూ స్టేషన్లూ రేడియోలో మాట్లాడుకుంటాయి. అన్నీ ఒకేసారి మొదలెడితే ఏ మాటా వినపడదు కాబట్టి మిల్లీసెకన్ల లెక్కన వంతులు పెట్టారు. వంతు తప్పకుండా ఉండాలంటే అన్నిటికీ ఒకే టైము కావాలి. దాన్ని ఉపగ్రహాలు ఇస్తాయి. ఇలాంటి ఏర్పాట్లలో రిసీవర్ సెకనుకో పల్స్ కొడుతుంది; పల్సుకీ పల్సుకీ మధ్య లెక్క నడిపేది చిన్న పలుగురాతి పలక, అంటే క్వార్ట్జ్ క్రిస్టల్.

స్టేషన్లో ఇదంతా సుళువు. యాంటెన్నా కదలదు, దాని చోటు ఒకసారి తేలాక ఒక్క ఉపగ్రహం కనబడినా టైము దొరుకుతుంది. ఆ ధీమా ఇంజిన్ మీద చెల్లదు. వెలుగు ఒక నానోసెకనులో పోయేది 30 సెంటీమీటర్లే. గంటకు 160 కిలోమీటర్ల బండి సెకనులో 44 మీటర్లు దాటుతుంది. ఉన్నచోటే ఉన్నాననుకునే రిసీవర్‌కు సెకనుకు 150 నానోసెకన్ల దాకా తప్పు పేరుకుంటుంది. అందుకే నాలుగు ఉపగ్రహాలు పట్టుకుని, చోటునూ టైమునూ కలిపి ఎప్పటికప్పుడు తేల్చుకోవాలి.

క్రిస్టల్ బాధ వేరు. ఊపినా, వంచినా పలక మీద ఒత్తిడి మారి దాని కంపన వేగం కాస్త మారుతుంది: గురుత్వమంత త్వరణానికి మామూలుగా వంద కోట్లలో ఒక వంతు. పట్టాల అదురు అటూ ఇటూ సమంగా ఉంటుంది కనుక చాలావరకు చెల్లుకుపోతుంది. (కదిలే గడియారం నెమ్మదిస్తుందని ఐన్‌స్టీన్ చెప్పిన తేడా కూడా ఉంది గానీ, ఈ వేగంలో వంద లక్షల కోట్లలో ఒక వంతు. బండికి పట్టదు.)

అసలు పనితనం ఉపగ్రహాన్ని ఏం అడగకూడదో తెలుసుకోవడంలో ఉంది. కొంకణ్ రైల్వేలో బి.రాజారాం రూపొందించిన పాత ‘రక్షా కవచ్’ బండి చోటుకూ జీపీఎస్‌నే నమ్ముకుంది. పక్కపక్క లైన్ల మధ్య ఎడం దాదాపు ఐదు మీటర్లే. ఉపగ్రహం లెక్క అంత పక్కకు పోవడం వింతేమీ కాదు. కవచ్‌లో ఆ పని స్లీపర్ల మీది ఆర్ఎఫ్ఐడీ ట్యాగులది. స్టేషన్ల మధ్య కిలోమీటరుకొకటి; నడుమ చక్రాల చుట్లే కొలత. ఉపగ్రహానికి మిగిలింది టైము చెప్పడం.

అందులోనూ అత్యాశ లేదు. ఆరు కిలోమీటర్ల అవతలి ఇంజిన్ మాట స్టేషన్ చేరడానికే 20 మైక్రోసెకన్లు కావాలి. వంతుల నడుమ కనీసం ఆ మాత్రం ఖాళీ వదలక తప్పదు. కదలిక తెచ్చే నానోసెకన్లు అందులోనే ఇమిడిపోతాయి. ప్లాట్‌ఫారం కప్పు కింద పది నిమిషాలు ఉపగ్రహాలు కనబడకపోయినా, కోటిలో ఒక వంతు తప్పే క్రిస్టల్ పక్కకు జరిగేది 60 మైక్రోసెకన్లు. వంతులు కొలిచే మిల్లీసెకనులో దాదాపు పదిహేడో వంతు.