కొట్టివేత కనబడాలి

2025 ఏప్రిల్‌లో తెలంగాణలో భూరికార్డుల కోసం భూభారతి చట్టం అమల్లోకి వచ్చినప్పుడు ప్రభుత్వం దాన్ని ముందుగా నాలుగు మండలాల్లో ప్రయోగాత్మకంగా నడిపి చూసింది. నారాయణపేట జిల్లా మద్దూరు, కామారెడ్డి జిల్లా లింగంపేట, ములుగు జిల్లా వెంకటాపూర్, మన ఖమ్మం జిల్లా నేలకొండపల్లి. ఊరూరా రెవెన్యూ సదస్సులు పెట్టి రైతుల దగ్గర కాగితం మీద దరఖాస్తులు తీసుకున్నారు. వ్యవసాయ భూముల లెక్క ధరణి పోర్టల్‌కి ఎక్కి అప్పటికే నాలుగున్నరేళ్లు. అయినా తప్పులు ఏరడానికి అధికారులు ఊళ్లకే రావలసి వచ్చింది. దీన్ని రాజకీయంగా చూసేవాళ్లు ఎలాగూ చూస్తారు. డేటాబేస్ పని చేసేవాళ్లకు ఇందులో వేరే పాఠం ఉంది. తప్పు పడకుండా చూసుకోవడం మన పనిలో సగమే. పడిన తప్పును ఎవరు, ఏ ఆధారంతో, ఏ దారిలో దిద్దాలో మొదటి రోజే టేబుళ్లలో ఏర్పాటు చేయడం మిగతా సగం. ఆ రెండో సగాన్నే మనం ఎప్పుడూ రెండో విడతకు తోసేస్తాం.

ధరణి కథ తెలిసిందే గనుక క్లుప్తంగా చెప్పుకుందాం. 2017 సెప్టెంబరులో భూరికార్డుల ప్రక్షాళన మొదలైంది. పేచీ లేని భూములను పార్ట్-ఎలో, ఉన్నవాటిని పార్ట్-బిలో పెట్టారు. 2020 అక్టోబరు 29న పోర్టల్ ప్రారంభమైంది. అదే ఏడాది వచ్చిన చట్టం రెవెన్యూ కోర్టులను ఎత్తేసింది. స్లాటు బుక్ చేసుకున్నవాడికి తహసీల్దారు ఆఫీసులో రిజిస్ట్రేషను, మ్యుటేషను ఒకే పూట అయిపోయేవి. ఆ వేగం నిజమైనదే, దాన్ని కాదనడం అన్యాయం. కానీ పాత ఎంట్రీలోనే తప్పుంటే అదే తహసీల్దారు చేతిలో ఏమీ లేదు. తప్పులు దిద్దే టీఎం-33 లాంటి మాడ్యూళ్లు తర్వాత ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి, ఆమోదం చాలాకాలం కలెక్టరు దగ్గరే ఉండిపోయింది. పేరులో ఒక అక్షరం దిద్దడానికి జిల్లా కేంద్రం దాకా ఫైలు నడవాల్సి వచ్చేది. పాత కాగితపు రికార్డైన పహాణీలో ఉండే అనుభవదారు కాలమ్ కూడా కొత్త రికార్డులో కనబడలేదు. కాలమ్ తీసేసినంత మాత్రాన పొలం దున్నేవాడు పొలంలోంచి పోడు, రికార్డులోంచి పోతాడు, అంతే. కొత్త వరుసలు చేర్చే దారిని రాజమార్గంలా వేసి, ఉన్న వరుసను సరిచేసే దారిని మరిచిపోయిన స్కీమాకు ఇంతకంటే పెద్ద ఉదాహరణ మన దగ్గర లేదు.

కాగితం రోజుల్లో పాత రాతను చెరపకుండా దిద్దాలన్న పట్టింపు ఉండేది. తెలంగాణ భూమి తగాదాల్లో ఇప్పటికీ 1954-55 ఖాస్రా పహాణీని తీసి చూస్తారంటే, డెబ్బై ఏళ్ల కిందటి రాత అలాగే చదవడానికి మిగిలి ఉండటం వల్లే. రిజిస్టరులో ఎంట్రీ మారితే పద్ధతి ప్రకారం పాతదాన్ని గీత కొట్టి, పక్కన కొత్తది రాసి, ప్రొసీడింగ్స్ నంబరు, తేదీ వేసి సంతకం పెట్టాలి. కొట్టేసింది కూడా కనబడుతూనే ఉంటుంది. అదే డేటాబేస్‌లో ఒక అప్‌డేట్ కమాండు నడిపితే పాత విలువ ఆనవాలు లేకుండా పోతుంది, మనం వేరే ఏర్పాటు చేస్తే తప్ప. ఆ ఏర్పాటు కష్టమైనదేమీ కాదు. ముఖ్యమైన ప్రతి టేబుల్‌కూ ఒక చరిత్ర టేబుల్ పెట్టి, ట్రిగ్గర్ ద్వారా పాత విలువ, మార్చిన మనిషి, సమయం, ఆధారమైన ఉత్తర్వు నంబరు అందులో పడేలా చూడాలి. అప్లికేషన్ అంతా ఒకే డేటాబేస్ యూజర్‌తో లాగిన్ అవుతుంటే చరిత్రలో ఆ యూజర్ పేరే వందలసార్లు పడుతుంది, అసలు మనిషి పేరును సెషన్‌లోకి పంపాలి. చరిత్ర టేబుల్ మీద అప్‌డేట్, డిలీట్ హక్కులు అప్లికేషన్‌కు ఇవ్వకూడదు. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016 నుంచి, మారియాడీబీ 10.3 నుంచి వెర్షన్ టేబుళ్లు సిద్ధంగానే ఉన్నాయి. పోస్ట్‌గ్రెస్‌లో ట్రిగ్గర్ మనమే రాసుకోవాలి. ఇంకొకటి: తండ్రి చనిపోయింది 2016లో, విరాసత్ (వారసత్వ మార్పు) నమోదైంది 2019లో అనుకోండి, ఈ రెండూ రెండు వేర్వేరు తేదీలు. హక్కు మారిన తేదీ, రికార్డు మారిన తేదీ విడివిడి కాలమ్‌లలో లేకపోతే మధ్య మూడేళ్లలో ఆ భూమి ఎవరిదో ఏ క్వెరీ చెప్పలేదు. దీని మీద రిచర్డ్ స్నాడ్‌గ్రాస్ రాసిన పుస్తకం పాతదైనా ఇప్పటికీ గట్టిదే, ఆయన దాన్ని ఉచితంగానే ఇచ్చారు. లెక్కకు ఆధారం కావాలన్న సంగతి మన పాత కథలకూ తెలుసు. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న పాల్వంచ తహసీల్దారుగా సర్కారు సొమ్ము లెక్క తప్పి గోల్కొండ చెరలో పడ్డాడు. జనం చెప్పుకునే కథలో సాక్షాత్తూ రాముడే వచ్చి బాకీ కట్టినా తానీషా దగ్గర రసీదు తీసుకోకుండా వెళ్లలేదు.

తప్పులన్నీ ఎవరో కావాలని చేసినవనుకోవడం మన అలవాటు. నిజానికి భూరికార్డుల్లాంటి పనిలో చాలా తప్పులు డేటా ఒక చోటినుంచి ఇంకో చోటికి మారేటప్పుడు పుడతాయి. విస్తీర్ణం 2.20 అని రాస్తే మన దగ్గర అర్థం రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. డెవలపర్ దాన్ని దశాంశంగా తీసుకుని 2.20కి 1.25 కలిపితే 3.45 వస్తుంది. అసలు జవాబు నాలుగెకరాల ఐదు గుంటలు. ఎకరాకు నలభై గుంటలన్న సంగతి కోడ్‌కు తెలియదు, మనం చెప్పాలి. మొత్తాన్ని గుంటల్లోకి మార్చి న్యూమరిక్ టైపులో దాచి, తెరమీద చూపేటప్పుడే ఎకరాలుగా విడగొట్టాలి. ఫ్లోట్ జోలికి పోవద్దు. సర్వే నంబరు 12/1ని ఎక్సెల్‌లో తెరిస్తే అది తేదీ అయిపోతుంది. ఇదేదో మన పల్లెల బాధ అనుకోవద్దు. మార్చ్1 అనే జన్యువును ఎక్సెల్ మార్చి ఒకటో తేదీగా మారుస్తోందని విసిగి, 2020లో శాస్త్రవేత్తలు ఏకంగా అలాంటి జన్యువుల పేర్లే మార్చుకున్నారు. తెలుగు అక్షరాల సంగతి మరీ విడ్డూరం. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు. గుణింతం గుర్తులు, పొల్లు కూడా విడివిడి సంకేతాలే. నేలకొండపల్లి అనే పేరు పన్నెండు సంకేతాలు, ముప్పై ఆరు బైట్లు. ఒరాకిల్‌లో ముప్పై బైట్ల కాలమ్ ఇస్తే మన మండలం పేరే అందులో పట్టదు. సైదులు పేరులోని ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా దాచవచ్చు. తెరమీద రెండూ ఒకేలా ఉంటాయి, వెతికితే మాత్రం ఒక సైదులు దొరుకుతాడు, ఇంకో సైదులు దొరకడు. పేర్లను దాచేముందే ఎన్‌ఎఫ్‌సీ అనే ఒకే యూనికోడ్ రూపానికి తేవాలి. వీటన్నిటికీ చరిత్ర టేబుల్ ఒక్కటే చాలదు. మూలంలో ఎలా వచ్చిందో ఆ పాఠాన్ని ఏ మార్పూ లేకుండా స్టేజింగ్ టేబుల్లో ఉంచి, మార్చిన విలువను పక్కన పెట్టుకోవాలి. ఏడాది తర్వాత లెక్క తేడా వస్తే, తప్పు కాగితంలో ఉందా, మన స్క్రిప్టులో ఉందా అన్నది అది చూస్తేనే తేలుతుంది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. దిద్దుబాటు దారి తెరిస్తే లంచం దారి తెరిచినట్టే, పాత రోజుల్లో రాత్రికి రాత్రి పహాణీల్లో పేర్లు మారలేదా, ధరణికి తాళం వేసింది అందుకే కదా అంటారు. ఆ భయాన్ని కొట్టిపారేయలేం. కాకపోతే తాళం వేసినచోట తాళంచెవి ఒకడి దగ్గర ఉంటుంది. ఆఫీసు తెరమీద మార్చే వీలు లేనప్పుడు, బ్యాకెండ్‌లో మార్చగలిగేవాడి బలం పెరుగుతుంది తప్ప తగ్గదు. బ్రిటన్ పోస్టాఫీసుల హొరైజన్ వ్యవస్థ దీనికి సాక్ష్యం. 1999 నుంచి 2015 దాకా ఆ సాఫ్ట్‌వేర్ తప్పుగా చూపిన లోటు ఆధారంగా 900 మందికి పైగా చిన్న పోస్టుమాస్టర్లకు దొంగలుగా శిక్షలు పడ్డాయి. శాఖల లెక్కలను బయటినుంచి ఎవరూ ముట్టుకోలేరని సంస్థ చాలా ఏళ్లు వాదించింది. ముట్టుకోగలరని 2019 డిసెంబరులో లండన్ హైకోర్టు తేల్చింది. అందుకే నా మాట, మార్చే అధికారం కిందికి రానివ్వండి, కానీ ఒకరు ప్రతిపాదిస్తే మరొకరు ఆమోదించాలి, కారణం కాలమ్ ఖాళీగా ఉంటే కమిట్ కాకూడదు, మార్పుల చరిత్ర ఆ భూమి యజమానికి కనబడాలి. భూభారతి చట్టం అప్పీలుకు అంచెలు పెట్టి సగం దూరం నడిచింది. మిగతా సగం టేబుళ్లు రాసేవాళ్ల చేతిలో ఉంది. చట్టం ఎలా చెబితే అలా కోడ్ రాస్తాం, మాకేం సంబంధం అనే డెవలపర్లకు ఒకటే జవాబు: కారణం కాలమ్ పెట్టవద్దని ఏ చట్టమూ చెప్పలేదు.

చరిత్రంతా దాస్తే స్థలం నిండుతుంది, వేగం తగ్గుతుంది అనే వాదన ఉంది. భూమి ఖాతా ఏడాదికి ఎన్నిసార్లు మారుతుంది? సంవత్సరాల వారీగా పార్టిషన్ చేస్తే ఈ బెంగ తీరుతుంది. రోజూ బ్యాకప్ ఉంది, చాలదా అని మరికొందరు. బ్యాకప్ డిస్కు చెడితే పనికొస్తుంది. తప్పుడు ఎంట్రీని అది అంతే జాగ్రత్తగా కాపీ చేసి పెడుతుంది. పైగా ఆ బ్యాకప్ అయినా తిరిగి లేస్తుందో లేదో రీస్టోర్ చేసి చూసేవాళ్లు తక్కువ. గిట్‌ల్యాబ్ లాంటి కంపెనీయే 2017 జనవరి 31న పొరపాటున ప్రొడక్షన్ డేటా చెరిపేసుకుని, ఉన్నాయనుకున్న ఐదు రకాల ఏర్పాట్లూ అక్కరకు రాక, ఆరు గంటల కిందటి కాపీతో సరిపెట్టుకుంది.

స్కూలు ఫీజులైనా, సొసైటీ అప్పులైనా, ఆస్పత్రి రికార్డులైనా సరే, మీ చేతిలో ఉన్న డేటాబేస్‌లో నేరుగా అప్‌డేట్ నడపగలిగే లాగిన్లు ఎన్ని ఉన్నాయో ఈ వారం జాబితా తీయండి. పోయిన నెలలో మారిన ఒక వరుసను పట్టుకుని దాని పాత విలువ ఏమిటో, ఎవరు ఎందుకు మార్చారో బయటికి తీయగలరేమో చూడండి. తీయలేకపోతే కొత్త మాడ్యూలు పక్కన పెట్టి ముందు ఆ పని చేయండి.