కళ్ళెమెన్నువాని నేర్పు
గాజు మేడల నడుమ గోపన్‌పల్లి చుట్టుపట్ల స్వారి నేర్పు అశ్వశాలలలో, గుఱ్ఱమునకు కళ్ళెము ఎన్ను సాయిసు నేర్పును చూచినప్పుడెల్ల నా హృదయము గౌరవముతో నిండిపోవును. మలక్‌పేటవంటి పందెపు మైదానములలో పరుగెత్తి ఇచటికి వచ్చిన బలిష్ఠ తురగమునకు, పగ్గము బిగించినకొలదిని నోటి కడ్డీపై మోపుగొని మరింత వేగముగా పరుగెత్తుట అలవడిన విద్య. అట్టిదానికి క్రూరమైన కళ్ళెమే తగునని తలచుట అనుభవశూన్యత. నేర్పరి మొదట దాని పెదవులను మెల్లగా విడదీసి, ముందరి పండ్లకును దవడపండ్లకును నడుమ పండ్లులేని మెత్తని చిగురు తావును వ్రేలితో తడవి, నాలుక మందమెంతయో, దవడపండ్ల అంచులు పదునుదేరి బుగ్గలను కోయుచున్నవేమో పరీక్షించును; పెంకెతనమని మనమనుకొన్నది పెక్కుమార్లు నొప్పియే. పిమ్మట నోటి వెడల్పును కొలిచి, సాధారణముగా 5 అంగుళములకు అటునిటుగా నుండు ఆ కొలతకంటె రవంత పొడవైన కడ్డీని ఎన్నును. లావుపాటి కడ్డీ ఒత్తిడిని పరచును, సన్ననిది కోయును. అయినను నాలుక దళసరియైన నోట లావుపాటిది ఇమడదు. ఒంటి కీలుది పట్టకారువలె నొక్కగా, రెండు కీళ్ళది నాలుకపై సర్దుకొని నిలుచును. గడ్డము క్రింద గొలుసుండు పెల్‌హాము కళ్ళెమునైతే, తక్కినవన్నియు చూచిన పిదపనే, అదియు చేయి మెత్తనివారికి మాత్రమే, ఒసగును. కళ్ళెము కుదిరిననాడు గుఱ్ఱము తల విదల్చుట మాని, దవడ సడలించి, నురుగు చప్పరించుచు నడచును. కంప్యూటరు కొలువు ముగించి స్వారికి వచ్చిన యువతి వ్రేలు ముడుచుటతోనే దానిని మలుపగలుగును.