పాఠంలో ఉప్పు ఉంది, జేజి లేదు

అల్లూరు మండలంలో ఇసకపల్లి వైపు వెళ్తే ఉప్పు మళ్లు కనిపిస్తాయి. ఎండాకాలం గట్ల మీద తెల్లటి కుప్పలు, మళ్లలో వంగి పనిచేసే ఆడా మగా. నేను సోషల్ చెప్పే బడికి ఈ తీరం నుంచే పిల్లలు వస్తారు. అందుకని ఉప్పు సత్యాగ్రహం పాఠం వచ్చిందంటే నాకు ఒక ధీమా. ఫ్రెంచి విప్లవం లాగా ఎక్కడిదో కాదు, దీన్ని వీళ్లకి విడమర్చి చెప్పే పని లేదులే అనుకునేవాణ్ణి.

ఓసారి పాఠం అయిపోయాక వెనక బెంచీ అమ్మాయి లేచి, "సార్, గాంధీ గారు ఉప్పు చేసినాక మా జేజోళ్లకి ఏమొచ్చింది?" అని అడిగింది.

"స్వాతంత్ర్యం" అన్నాను.

"అది అందరికీ వచ్చింది గదా సార్. నేను ఉప్పు సంగతి అడుగుతుండా."

ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. ఇంటికెళ్లి పాఠాన్ని మళ్లీ చదివాను, ఈసారి పరీక్ష కోసం కాదు, ఆ అమ్మాయి ప్రశ్న కోసం. ఈ వ్యాసం ఆ చదువు నుంచే వచ్చింది.

ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ చరిత్ర పుస్తకమే నడుస్తోంది. ముందుగా ఒకమాట ఒప్పుకోవాలి, ఇది మంచి పుస్తకం. రాజుల పేర్లూ, యుద్ధాల తేదీలూ బట్టీ పట్టించిన మా కాలం పుస్తకాలతో దీనికి పోలికే లేదు. బొమ్మల్ని కూడా చరిత్రకు ఆధారాలుగా చదవమంటుంది. మొదటి పాఠమే 1848లో ఫ్రెంచి చిత్రకారుడు సొర్యూ గీసిన బొమ్మతో మొదలవుతుంది. భారత జాతీయోద్యమం పాఠంలో మన గూడెం కొండలూ, అల్లూరి సీతారామరాజూ ఉన్నారు. అన్నిటికన్నా మెచ్చుకోవలసింది, ఉద్యమాన్ని ఒకే గొంతుతో చెప్పకపోవడం. శాసనోల్లంఘనంలో ధనిక రైతుకి కావలసింది వేరు, పేద రైతు ఆశ వేరు, మిల్లు యజమాని లెక్క వేరు, కార్మికుడి దారి వేరు అని విడివిడిగా చూపిస్తుంది. స్త్రీలు వేలల్లో బయటికొచ్చినా కాంగ్రెస్ వాళ్లకి పెత్తనం ఇవ్వడానికి చాలాకాలం వెనకాడిందని కూడా దాచకుండా చెప్తుంది.

చిక్కల్లా ఇక్కడే ఉంది. ఇంత జాగ్రత్తగా మనుషుల్ని విడదీసి చూసిన పాఠంలో ఉప్పు పండించే మనిషి లేడు. ఇర్విన్‌కి రాసిన ఉత్తరం ఉంది, పదకొండు కోరికలున్నాయి, 78 మంది అనుచరులున్నారు, 240 మైళ్ల నడక ఉంది, ఏప్రిల్ 6న దండిలో ఉప్పు ఉంది. ఆ తరవాత ఉప్పు మాయమైపోతుంది. అది ఒక గుర్తుగా వచ్చి, పని అయిపోగానే తప్పుకుంది. ఉప్పు కూలీకి అది గుర్తు కాదు, కూడు.

1931 మార్చి 5న జరిగిన గాంధీ-ఇర్విన్ ఒడంబడిక గురించి పాఠం చెప్పేది రెండే ముక్కలు: గాంధీ రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లడానికి ఒప్పుకున్నారు, ప్రభుత్వం రాజకీయ ఖైదీల్ని విడిచిపెట్టడానికి ఒప్పుకుంది. కానీ ఆ ఒడంబడికలో ఉప్పు మీద ఒక షరతు ఉంది. ఉప్పు దొరికే చోట్లకి ఆనుకుని ఉన్న ఊళ్లవాళ్లు తమ వాడకానికి, ఊళ్లో అమ్ముకోవడానికి ఉప్పు చేసుకోవచ్చు, ఏరుకోవచ్చు. బయటివాళ్లకి అమ్మకూడదు. చట్టం మాత్రం పోలేదు. ఉప్పు పన్ను రద్దు కావడానికి 1947 దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకి జవాబు ఈ షరతులోనే ఉంది. జేజోళ్లకి వచ్చింది ఇంతే: ఊరి పొలిమేర దాటని ఉప్పు. అది గెలుపా, సర్దుబాటా అని తరగతిలో గంటసేపు వాదించుకోవచ్చు. దేశమంతటికీ ఒకటే పుస్తకం కాబట్టి, సముద్రం చూడని పిల్లలకి ఈ షరతు అక్కర్లేదనుకుని వదిలేసి ఉండొచ్చు. అక్కర ఉన్నది మాలాంటి తీరం వాళ్లకే.

ఇంకో పేచీ భాషతో. తెలుగు పేజీలో 'బడు' ఎక్కువ. చట్టం చేయబడుతుంది, పన్ను విధించబడుతుంది, ఉద్యమం ఉపసంహరించబడుతుంది. చేసినవాడెవడో వాక్యంలోంచి జారిపోతాడు. ఇది వ్యాకరణం గొడవే అయితే పోనిద్దును. ఎవరు చేశారో చెప్పని వాక్యాల్లో చరిత్ర చదివిన పిల్లలకి చరిత్ర వానలాగా దానంతటది పడేదనిపిస్తుంది. నేను బోర్డు మీద ఆ వాక్యాల్ని తిరగరాయిస్తాను. "ఎవరు విధించారు? ఎవరి మీద?" అని అడిగితే పాఠంలో సగం ప్రాణం తిరిగొస్తుంది.

పాఠం మనిషిని కదిలిస్తుందా అని అడిగేవాళ్లకి నెల్లూరు జిల్లాలో వేరే సాక్ష్యం అక్కర్లేదు. తొంభైల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమం రాత్రిబడుల్లో సీతమ్మ అనే ఆడమనిషి కథ చదివి, అది తమ ఇంటి కథేనని గుర్తుపట్టి, దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. 1992లో ఆ ఉద్యమం జిల్లాలో సారా వేలంపాటల్ని ఆపింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధమైంది. చిన్న చిన్న వాక్యాల వాచకం అది. అందులో చేసేవాళ్లు కనపడతారు.

ఈ సంగతి ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి రాజనీతిశాస్త్రంలో, ప్రజా ఉద్యమాల పాఠంలో ఉండేది. ఆ పాఠానికీ దూబగుంట ఒక ఊరని సరిగా తెలియదు. అదేదో ప్రాంతమైనట్టు, దాని లోపలెక్కడో ఒక పల్లె అన్నట్టు రాసింది. అయినా ఉండేది. 2022లో పిల్లల మీద భారం తగ్గిస్తున్నామంటూ ఆ పాఠం మొత్తాన్నీ తీసేశారు. మా పిల్లలకి మోయలేని భారమైనది వాళ్ల అమ్మమ్మలు చేసిన పని.

ప్రతి జిల్లా తన చరిత్రని పుస్తకంలో పెట్టమంటే ఎట్లా అని ఒక మిత్రుడన్నాడు. నిజమే. స్థానిక చరిత్ర పేరుతో కులాల గొప్పలూ, జమీందార్ల భజనలూ దూరే ప్రమాదం నాకూ తెలుసు. నేను అడిగేది ఇసకపల్లి పేరు అచ్చులో చూడాలని కాదు. ధనిక రైతు ఏమనుకున్నాడు, కార్మికుడు ఏమనుకున్నాడు అని వరసగా అడిగిన పుస్తకం, "మీ ఊళ్లో ఉప్పు చేసేవాళ్లు ఏమనుకున్నారు?" అన్న ఒక్క ప్రశ్నకి చోటిస్తే చాలు. పద్ధతి పుస్తకానిదే. దాన్ని చివరిదాకా నడపలేదు, అంతే.

మరుసటి వారం ఒడంబడికలోని షరతు తరగతిలో చెప్పాను. ఆ అమ్మాయి శ్రద్ధగా రాసుకుని, "పబ్లిక్ పరీక్షలో ఇది రాస్తే మార్కు వేస్తారా సార్?" అంది.

పేపర్ దిద్దేవాళ్ల చేతిలో జవాబుల కీ ఉంటుంది, కీలో ఈ షరతు ఉండదు. అది దాచి చెప్తే మోసం. "ముందు పుస్తకంలో ఉన్న రెండు పాయింట్లూ రాయి తల్లీ. మార్కులు వాటికొస్తాయి. మూడోది మీ జేజిది. అదీ రాయి" అన్నాను.