మాట మనది, జవాబు ఆమెది

తెర మీద తొంభైల నాటి కంప్యూటర్ డెస్క్‌టాప్. మానిటర్ గాజు మీద ట్యూబ్‌లైట్ వెలుగు పడినట్టు ఒక మెరుపు. మధ్యలో సెర్చ్ పెట్టె. అందులో ‘మర్డర్’ అన్న మాట అప్పటికే టైప్ చేసి ఉంటుంది. ఎంటర్ నొక్కితే ఒక యువతి పోలీసుల ముందు కూర్చుని మాట్లాడే చిన్న చిన్న వీడియో ముక్కలు వరసగా వస్తాయి. బ్రిటన్‌కు చెందిన శామ్ బార్లో 2015లో తెచ్చిన ‘హర్ స్టోరీ’ అనే వీడియో గేమ్ ఇలా మొదలవుతుంది. తరవాత ఏం చెయ్యాలో ఎవరూ చెప్పరు.

సంగతి ఇది. 1994లో సైమన్ అనే మనిషి కనిపించకుండా పోయాడు. పోలీసులు అతని భార్యను ఏడుసార్లు పిలిచి విచారించారు. ఆ టేపుల్ని జవాబుకో ముక్కగా కోసి కంప్యూటర్‌లోకి ఎక్కించారు. మొత్తం 271 ముక్కలు. పోలీసుల ప్రశ్నలు మాత్రం ఎక్కడా వినపడవు. ఆమె “లేదు, ఆ రోజు కాదు” అంటుంది. ఏ రోజు గురించి అడిగారో మనమే ఊహించుకోవాలి. ఊహించి ఒక మాట టైప్ చేస్తాం. ఆమె నోట ఆ మాట వచ్చిన ముక్కలు బయటికొస్తాయి. అంటే పోలీసు అడిగిన ప్రశ్న చెరిగిపోయిన చోట మన ప్రశ్న వచ్చి కూర్చుంటుంది. విచారణ ఎప్పుడో ముగిసినా, విచారిస్తున్నది మనమే అనిపించడానికి కారణం ఈ చిన్న కోత.

అసలు పనితనం మాత్రం ఇంకో నియమంలో ఉంది. ఏ మాట వెతికినా, ఎన్ని ముక్కల్లో ఆ మాట ఉన్నా, చూడనిచ్చేది మొదటి ఐదింటినే. అవీ తేదీల వరసలో. ‘సైమన్’ అని కొట్టండి. భార్య భర్త పేరు ఎన్నిసార్లు తలచుకుని ఉండదు? చేతికి దక్కేవి మాత్రం తొలి విచారణ నాటి ఐదు పొడి జవాబులు. ఆఖరి విచారణలో ఆమె చెప్పింది వినాలంటే, ఆఖరి విచారణలో మాత్రమే దొర్లిన మాట ఏదో పట్టుకోవాలి. ఆ మాట వాసన మనకు మధ్యలో ఎక్కడో తగలాలి. కథ ముగింపుకు తాళం లేదు, తాళంచెవీ లేదు. మొదటి నిమిషంలోనే సరైన మాట తడితే చివరి ముక్క చూసేయవచ్చు, కానీ తట్టదు. రహస్యాన్ని కాపాడుతున్నది పదజాలం.

ఈ పని రాయడం ఎంత కష్టమో ఆలోచించండి. మామూలు రచయిత ఒక మాట ఎక్కువసార్లు వాడితే విమర్శకుడు విసుక్కుంటాడు, అంతే. ఇక్కడ ఒక మాట ఒకసారి ఎక్కువ పడితే ఒక సాక్ష్యం పాతిపెట్టినట్టే. బార్లో ప్రతి ముక్కలోని మాటల్నీ స్ప్రెడ్‌షీట్‌లో పెట్టి లెక్క చూసుకున్నాడు. ఏదైనా ముక్క ఎవరికీ అందని మూలకు పోతే అందులోని మాటను పర్యాయపదంతో మార్చాడు. ఇంత లెక్క వెనకాల ఉన్నా ఆమె మాటల్లో లెక్క వినపడదు. నన్ను ఎక్కువగా అబ్బురపరిచింది అదే.

నటుల్ని కెమెరాతో చిత్రీకరించి ఆ వీడియోతోనే ఆడించే ఇలాంటివాటిని ఫుల్ మోషన్ వీడియో గేములు, పొట్టిగా ఎఫ్‌ఎంవీ గేములు అంటారు. ఇవి ఒక ప్రత్యేక ప్రక్రియ కిందికి వస్తాయా అన్నది పాత పేచీ. రావనేవాళ్ల వాదనలో బలం ఉంది. 1994 నాటి ‘వింగ్ కమాండర్ 3’లో సినిమా నటుడు మార్క్ హామిల్ నటించాడు. అయినా అది అంతరిక్షంలో యుద్ధ విమానం నడిపే ఆట, మధ్యమధ్యలో సినిమా. మరుసటి ఏడాది ఏడు సీడీలతో వచ్చిన ‘ఫాంటస్మగోరియా’ వస్తువుల మీద మౌస్ నొక్కుతూ సాగే మామూలు అడ్వెంచర్. వీడియో తీసేసి బొమ్మలు పెట్టినా ఆ రెండు ఆటలూ నిలుస్తాయి. ఇంకా వెనక్కి వెళ్తే 1983లో లేజర్ డిస్క్ మీద నడిచిన ‘డ్రాగన్స్ లేయర్’లో ఉన్నవి యానిమేటర్ డాన్ బ్లూత్ గీయించిన బొమ్మలే. సరైన క్షణంలో జాయ్‌స్టిక్ తిప్పితే తరవాతి దృశ్యం, లేకపోతే చావు. ప్రక్రియను తేల్చేది ముడిసరుకు కాదు, ఆటగాడి చేతికి ఇచ్చిన పని.

అయితే ముడిసరుకు గుణం నుంచే పని పుట్టిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. 1992లో వచ్చిన ‘నైట్ ట్రాప్’ అమెరికా సెనేట్ విచారణలో చీవాట్లు తిన్న గేమ్‌గానే అందరికీ గుర్తు. నటన నవ్వులాట, నిజమే. కానీ అందులో ఒక ఇంటి గదులన్నిటి దృశ్యాలూ ఒకేసారి నడుస్తుంటాయి. మనం ఒక గది చూస్తుంటే పక్క గదిలో జరిగింది జారిపోతుంది. రికార్డయిన దృశ్యం మన కోసం ఆగదు అన్న గుణమే అక్కడ ఆట. ‘హర్ స్టోరీ’ పట్టుకున్నది ఇంకో గుణాన్ని. చిత్రీకరణ అయిపోయిందంటే అయిపోయింది. ఆమె చేత కొత్త మాట ఒక్కటి పలికించలేం. చెప్పేసినదాన్ని వెతుక్కోవడమే మనకు మిగిలిన అధికారం. నా దృష్టిలో ఇక్కడ ఎఫ్‌ఎంవీ ఒక ప్రక్రియ అయింది. అందులో చేరే గేములు చాలా తక్కువ, ఒప్పుకుంటాను.

అదంతా రాతలో ఉన్నా సరిపోదా అని అడగవచ్చు. సరిపోదు. సెర్చ్‌కు అందేది మాట ఒక్కటే, కళ్లకు అందేది వేరు. ఒక్కో విచారణలో ఆమె బట్టలు మారతాయి. చెల్లాచెదురుగా దొరికిన ముక్కల్ని ఏది ఏ రోజుదో సర్దుకోవడానికి తెర మీది తేదీ కన్నా ముందు ఆ బట్టలే పనికొస్తాయి. ఒక రోజు అంత జాగ్రత్తగా మాట్లాడిన మనిషి ఇంకో రోజు ఎందుకంత తేలిగ్గా ఉందో కళ్లు అడుగుతాయి. దానికి జవాబు ఏ మాట కిందా దొరకదు. ఆ పాత్ర వేసిన వీవా సీఫర్ట్ అప్పటికి ‘జో గిడియన్ అండ్ ది షార్క్’ అనే ఇద్దరు సభ్యుల సంగీత బృందంలో ఒకరు. ఆమె మీద పడ్డ బరువు సినిమా నటికి ఉండేది కాదు. ప్రేక్షకుడు ఏ ముక్క ముందు చూస్తాడో తెలియదు కాబట్టి ప్రతి జవాబూ తొలిసారి చూసేవాడికి అమాయకంగా, అన్నీ తెలిసినవాడికి అనుమానంగా, రెండు విధాలా నిలవాలి. ఒక విచారణలో ఆమె గిటార్ పట్టుకుని పాత జానపద హత్యాగీతం పాడుతుంది. ఆ పాట కూడా ముక్కలై దొరుకుతుంది.

చిత్రీకరించిన వీడియోను బార్లో రెండు వీహెచ్‌ఎస్ యంత్రాల గుండా నడిపించి మరీ పాడుచేశాడు. కంప్యూటర్‌లో ఫిల్టర్ వేసుకుంటే గంటలో అయ్యే పని. కానీ టేపు వణుకు టేపుదే. 2016లో ఈ గేమ్‌కు మూడు బాఫ్టా అవార్డులు వచ్చాయి.

2022లో బార్లో బృందం ‘ఇమ్మోర్టాలిటీ’ తెచ్చింది. ఇందులో మాటలు వెతకనక్కర్లేదు. మరిస్సా మార్సెల్ అనే కల్పిత నటి చేసి, విడుదల కాకుండా మిగిలిన మూడు సినిమాల ఫిల్ము ముందుంటుంది. దృశ్యంలో ఒక శిలువ మీదో, ముఖం మీదో నొక్కితే ఇంకో సినిమాలోని అలాంటి శిలువకో, అదే ముఖానికో తెర దూకుతుంది. వీడియో తీసేస్తే ఇక్కడ మిగిలేది ఏమీ లేదు. ప్రక్రియ వాదనకు ఇంతకన్నా గట్టి సాక్షి దొరకదు. అయినా మళ్లీ ఆడాలనిపించేది నాకు ‘హర్ స్టోరీ’నే. ‘ఇమ్మోర్టాలిటీ’లో నొక్కడం వరకే నాది, ఎక్కడికి దూకాలో గేమ్ తేలుస్తుంది. ‘హర్ స్టోరీ’లో ఒక ముక్క చూసి, కాసేపు ఆగి, ఆమె ఎక్కడో అని ఉంటుందనుకున్న మాటను నేనే టైప్ చేస్తాను. అది తగలకపోతే తప్పు నాదే, తగిలితే ఘనతా నాదే.