మంద్రస్వరమునకు చోటు

ఇంటిలో సంగీతము వినుటకై పెద్ద బేస్ హారన్‌ను తన చేతులతో నిర్మించుకొనువారు లోకమున బహు కొలదిమంది, అయినను వారి యింటికి తొలిసారి వచ్చిన యతిథి, గదిమూలను బీరువాకంటె ఘనముగా నిలిచియున్న ఆ కొయ్యకట్టడమును చూచి యడుగు ప్రశ్న ఎక్కడనైనను ఒక్కటే: "ఇంత పెద్దది ఎందుకండీ?" అరచేతిలో నిముడు పెట్టెలే నేడు బల్లలు అదరునట్లు మ్రోగుచుండగా ఈ ప్రశ్న పుట్టుట సహజమే. చాలకాలముగా ఈ నిర్మాణమునందు మనసు నిలిపినవాడనగుటచే దీనికి ఒక ముక్కలో బదులుచెప్పి తప్పుకొనుట నాకు సమ్మతము కాదు. మంద్రస్వరము ప్రకృతి తనకు నియమించిన చోటును మన యింటినుండి కోరుచున్నది; ఆ చోటు నిచ్చినవారికి అది శక్తిని, నైర్మల్యమును, నిబ్బరమును తానై సమకూర్చును. ఈ మాటను కొలతలతో నిరూపింప నుద్దేశించి ఈ వారము కలము పట్టితిని.

శబ్దము గాలిలో సెకనునకు సుమారు 344 మీటర్లు పయనించును. వేయి హెర్ట్జుల స్వరమునకు తరంగదైర్ఘ్యము మూరెడైనను ఉండదు. కాని పాశ్చాత్య వాద్యబృందములలోని డబుల్ బాస్ అట్టడుగు తంత్రి 41 హెర్ట్జులవద్ద పలికినప్పుడు ఆ తరంగము ఎనిమిది మీటర్లకు మించి సాగును. మన యిండ్లలోని సామాన్యమైన గది పొడవునకు అది ఇబ్బడి. ఇంతటి తరంగమును పదునైదంగుళముల కాగితపు శంకువు పుట్టింపవలెను. ఆ శంకువు ముందువెనుకలకు ఎంత యూగినను తేలికయైన గాలి దాని పట్టునకు చిక్కదు. అందువలననే సాధారణమైన స్పీకరు పెట్టెలో ఆంప్లిఫయరు అందించు శక్తియందు నూటికి ఒక పాలు, లేక దానికి కొంచెము అటునిటుగా మాత్రమే శబ్దమగును. తక్కినది తీగచుట్టను వేడిచేసి వ్యర్థమగును. వట్టి చేతిని గాలిలో నాడించినచో ఉక్క తీరదు. అదే చేతికి విసనకర్ర దొరకినచో గది చల్లబడును. హారన్ ఆ శంకువునకు విసనకర్ర వంటిది. ఇరుకైన కంఠమువద్ద హెచ్చు ఒత్తిడితో, స్వల్పచలనముతో బయలుదేరిన తరంగము, క్రమముగా విస్తరించు మార్గమున నడచి, విశాలమైన ముఖద్వారమువద్ద బయటి గాలితో ఏకమగును. చక్కగా కట్టిన హారన్‌లో శబ్దముగా మారు శక్తి నూటికి ఇరువది ముప్పది పాళ్లవరకు పెరుగును.

ఆ విస్తారమునకు ఒక క్రమము కలదు. అమెరికా దేశపు భౌతికశాస్త్రజ్ఞుడు ఆర్థర్ గార్డన్ వెబ్‌స్టర్ 1919లో హారన్‌ల గణితమునకు పునాది వేసెను. 1924లో హానా, స్లెపియన్ అను ఇరువురు ఎక్స్‌పొనెన్షియల్ హారన్ గుణములను విశదపరచిరి. దాని సారము బాలుర పలకపై వ్రాయదగినంత సరళము: సమానమైన ప్రతి దూరమునకును వైశాల్యము రెట్టింపు కావలెను. ఆ దూరము ఒక అడుగైనచో హారన్ సుమారు 62 హెర్ట్జులకు దిగువ స్వరములను మోయజాలదు; 40 హెర్ట్జులు కావలెనన్న ఆ దూరమును సుమారు 47 సెంటీమీటర్లకు పొడిగింపవలెను. ముఖద్వారపు చుట్టుకొలత కనిష్ఠస్వరపు తరంగదైర్ఘ్యమునకు దీటుగా నుండవలెననునది రెండవ నియమము. లేనిచో తరంగము సాఫీగా వెడలక ముఖమునుండియే లోనికి మరలి, కొన్ని స్వరములను ఉబ్బించి కొన్నింటిని మ్రింగివేయును. శ్రీరామనవమి పందిళ్లకును పెండ్లివారి యిండ్లకును కట్టు అల్యూమినియము మైకు ఈ రెండు నియమములకును మన కన్నులయెదుటి సాక్ష్యము. దాని లోపలి మార్గము మడతపడియున్నను మొత్తము పొడవు కొలది అడుగులే, ముఖము చిన్నదే. కావున హరికథకుని మాట ఊరవతలి పొలమువరకు తేటగా వినవచ్చును గాని, ఆ కథకు తోడైన మృదంగపు ఎడమవైపు గుంకారము పందిటిలోనే నిలిచిపోవును.

మడత లేకుండ, రాజీ లేకుండ ఈ నియమములను పాటించిన హారన్ ఎట్లుండునో తెలియగోరువారికి లండన్ సైన్స్ మ్యూజియమువారి హారన్ ఉత్తమమైన యుదాహరణము. ఆ సంస్థలో క్యూరేటరుగా నుండిన ఆర్. పి. జి. డెన్మన్ 1929లో దానిని రూపొందించెను. పొడవు 27 అడుగులు. కంఠము అంగుళమునకు కొంచెము మించిన రంధ్రము. ముఖము ఏడడుగుల ఒక అంగుళము భుజముగల చదరము. ఆ చిన్ని రంధ్రపు వైశాల్యమును రెట్టించుచు, మరల రెట్టించుచు పోయినచో పదుమూడవ మారునకు ఆ మహాముఖమును చేరుదుము. పొడవును పదుమూడు భాగములు చేసినచో ఒక్కొక్కటి రెండడుగులకు స్వల్పముగా మించును. అంత తాపీగా విస్తరించుటచేతనే అది 32 హెర్ట్జులవరకు దిగగలిగెను. 1930వ దశకములో సందర్శకులు దాని ద్వారా రేడియో ప్రసారములను వినుచుండిరి. 1949లో కట్టడము కూల్చువేళ జరిగిన ప్రమాదమున అది చాలవరకు ధ్వంసమయ్యెను. మిగిలిన భాగమును ఆధారము చేసికొని పునర్నిర్మించి, 2014లో మరల జనులకు వినిపించిరి. ఎనుబదియైదేండ్ల యంతరమున వాల్వులు పోయి ట్రాన్సిస్టర్లు వచ్చినవి, గ్రామఫోను రికార్డులు పోయి డిజిటల్ ధ్వని వచ్చినది. ఆ పదుమూడు రెట్టింపులలో మాత్రము సవరింపవలసినది ఒక్కటియు లేకపోయెను.

ఇరువదియేడడుగుల గొట్టమును ఇంటిలో నిలుపుకొనుట ఎవరితరము? ఇంగ్లండులో పాల్ వాయిట్ 1930వ దశకములోనే గదిమూలను ఆశ్రయించు హారన్‌లను చేసెను. అమెరికాలో, ఆర్కన్సా రాష్ట్రమందలి హోప్ అను చిన్న పట్టణమునందు పాల్ క్లిప్ష్ (1904–2002) ఆ మార్గమునే చివరంటి నడచెను. నేలయు, రెండు గోడలును కలియు మూలలో శబ్దమునకు విస్తరింపగల దిక్కులు ఎనిమిదవ వంతునకు తగ్గును. కావున ముఖద్వారమును ఎనిమిదవ వంతైనచో చాలును. బయలులో 40 హెర్ట్జులకు దాదాపు ఆరు చదరపు మీటర్లు కావలసిన ముఖము మూలలో ముప్పాతిక చదరపు మీటరుతో సరిపెట్టుకొనును. క్లిప్ష్ మార్గమును పెట్టెలోపల మడిచి, కడపటి విస్తారమును గోడలకే అప్పగించెను. ఆయన 1946లో నెలకొల్పిన సంస్థ క్లిప్ష్‌హార్న్ అను ఆ హారన్‌ను నేటికిని తయారుచేయుచున్నది.

40 హెర్ట్జులకు నేను అనుసరించు లెక్క యిది. పదునైదంగుళముల స్పీకరు శంకువులో ఇంచుమించు సగము వైశాల్యము, అనగా 450 చదరపు సెంటీమీటర్లు, కంఠముగా తీసికొందును. అచ్చటినుండి మూల కోరు ముఖమునకు నాలుగే రెట్టింపులు. నాలుగు నలుబదియేళ్లు 188 సెంటీమీటర్లు. ఇది పొడగరియైన మనిషి నిలువును మించని పొడవు. రెండు మూడు మడతలతో చక్కగా ఒదిగిపోవును. ఇక స్పీకరు వెనుకనుండు గది. కనిష్ఠస్వరము సమీపించుకొలది హారన్‌లోని గాలి శంకువుమీద బరువై నిలుచును. వెనుక బిగించిన గాలి స్ప్రింగై ఎదురు నిలిచి ఆ బరువును రద్దుచేయవలెను. దానికి కావలసిన పరిమాణమును కంఠపు వైశాల్యమునకును రెట్టింపు దూరమునకును గల గుణకారమునుండియే తీయుదురు. మన లెక్కకు సుమారు 60 లీటర్లు. పెట్టె వెలుపలినుండి చూచువారికి కానరాని ఈ చిన్న గదియే మంద్రస్వరపు అడుగు పట్టును నిర్ణయించును.

పనిలోనికి దిగినప్పుడు లెక్కకు తోడు చేతి వివేకము కావలెను. మడతలవద్ద పలకలు లంబముగా కలియవు. ప్రతి యంచును ఏటవాలుగా కోసి, చిత్రిక పట్టి, ఒకదానిలో నొకటి కూర్చున్నదాక సరిచూడవలెను. పలకలు వంగరానివై యుండవలెను. ఏలయన కంఠమువద్ద ఒత్తిడి విశేషము, అచ్చట పలక కంపించినచో స్వరమునకు లేని తోక మొలచును. మా వడ్రంగి మేస్త్రి 18 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైమీద టేకు రీపర్లు అడ్డముగా బిగించుచు, "అయ్యగారూ, మనిషెక్కి తొక్కినా విరగదు గదా, ఇంకా రీపర్లెందుకండీ?" అని యడిగెను. "విరగకుండా కాదు మేస్త్రీ, వణక్కుండా" అంటిని. అతడు వెంటనే వ్రేలి కణుపుతో పలకను తట్టి విని, పలికినచోట గుర్తు పెట్టి, తనంతట తానే మరియొక రీపరు దించెను. అంతటినుండి రీపరు ఎచ్చట దింపవలెనో తేల్చినది అతని చెవియే. అతుకులన్నియు జిగురుతో మూసిన పిమ్మట పరీక్ష యొకటి కలదు: వెనుకగది మూసి, మెల్లగా ఒక మంద్రస్వరమును మ్రోగించుచు, వెలిగించిన అగరువత్తిని అతుకుల వెంబడి నడపవలెను. పొగ నిటారుగా లేచినంతవరకు అతుకు బిగువే. ఎచ్చట పొగ త్రుళ్లిపడునో అచ్చట సందు ఉన్నట్లు. మన దేశమున వానకాలపు తేమను, చెదలను గూడ తలచి, గోడకు ఆనించుటకు ముందే అంచులన్నింటికి పూత వేయుట అవశ్యము.

మూలగోడల విషయమున మన యిండ్లకు ఒక మేలు కలదు. అమెరికా యిండ్లలో కొయ్య చట్రమునకు పలుచని పలకలు తాపిన గోడలు మంద్రస్వరమునకు తామును కదలి దానిని కొంత పోగొట్టును. మన ఇటుకగోడ సిమెంటు పూతతో కదలక నిలిచి, హారన్ చివరిభాగముగా తన పనిని నమ్మకముగా చేయును. అట్టి మూలలో కూర్చున్న హారన్‌ను కొలది వాట్ల వాల్వు ఆంప్లిఫయరుతో వినినప్పుడు శంకువు కదలినట్లే కంటికి తోపదు. కదలిక తగ్గుటచేత కల్మషమును తగ్గును. మృదంగపు ఎడమ తలపై అరచేయి ఒత్తి స్వరమును జార్చినప్పుడు ఆ జారు మొదటినుండి తుదివరకు ఏకధారగా వినవచ్చును. డోలు దెబ్బ పడినచోట పడి, ఆగినచోట ఆగును. గదిని అదరగొట్టు మ్రోతకును దీనికిని గల భేదమును ఒకమారు గుర్తించిన చెవి మరల మరువదు.

చిన్నపెట్టెలను నిందించుట నా యుద్దేశము కాదు. 1954లో ఎడ్గర్ విల్చర్ గాలిదిండుపై శంకువును నిలిపిన చిన్నపెట్టెను లోకమున కిచ్చెను. 1958లో స్టీరియో రికార్డులు వచ్చి ప్రతి యింటను ఒకటికి రెండు స్పీకర్లు కావలసివచ్చుటతో ఆ పెట్టెలే నిలిచినవి. ప్రఖ్యాత పియానో విద్వాంసుడు జోసెఫ్ హాఫ్‌మన్ కుమారుడగు ఆంటన్ హాఫ్‌మన్ పేరిట ఒక ఉక్కునియమము ప్రచారములో నున్నది: చిన్న పరిమాణము, లోతైన మంద్రము, హెచ్చు సామర్థ్యము అను మూడింటిలో రెండే మనకు దక్కును. చిన్నపెట్టె మూడవదానిని విడిచినది, హారన్ మొదటిదానిని విడిచినది, రెండును ధర్మబద్ధములే. హారన్ కట్టువాడును తన హద్దు నెరుగవలెను. కనిష్ఠస్వరమును 40నుండి 20 హెర్ట్జులకు దింపగోరినచో పొడవు రెట్టింపగును, ముఖము నాలుగు రెట్లగును, ఆక్రమించు చోటు ఎనిమిది రెట్లగును. అప్పుడు సంగీతమున్న గదిలో మనుష్యులకు తావుండదు. ఏ స్వరమువరకు దిగవలెనో నిర్ణయించుకొని, ఆ స్వరమునకు చెల్లవలసిన చోటును కొసరక చెల్లించుటయే ఈ విద్యయందలి నిజాయితీ.

కాబట్టి ఆసక్తిగల పాఠకులు దుకాణమునకు పోకముందు కొలతటేపుతో తమ గదిమూలకు పోవలెనని నా ప్రార్థన. అచ్చటినుండి రెండు గోడలును నాలుగేసి అడుగులవరకు తలుపు గాని కిటికీ గాని లేక నిలిచియున్నచో, సగము హారన్ మీ యింటిలో ఇదివరకే కట్టబడియున్నది. తక్కిన సగము ప్లైవుడ్డును, మంచి మేస్త్రియు, కొంత యోర్పును ఉన్నచో తప్పక సిద్ధించును.